ఇంటి కంప్యూటరునకు కావలి: ఎన్నుకొను విధము



ఇంటికి తాళము కొనునప్పుడు అంగడివాడు మొదట చూపినదానినే పుచ్చుకొని వచ్చువారు మనలో నరుదు. దాని బరువు చూతుము. చెవి త్రిప్పి చూతుము. మాఱుచెవు లెన్ని కలవని యడుగుదుము. అట్టి మనమే, బ్యాంకు లెక్కలును, పింఛను కాగితములును, పిల్లల యోగ్యతాపత్రములును, గతించిన పెద్దల ఛాయాచిత్రములును దాచియుంచిన కంప్యూటరునకు కావలి పెట్టవలసివచ్చినప్పుడు మాత్రము, అమ్మినవాడు ఏది యెక్కించి యిచ్చిన నదియే చాలునని యూరకుందుము. ఆంటీవైరసు, ఆంటీస్పైవేరు అని పిలువబడు రక్షక సాధనములు ఎట్లు పనిచేయునో, వానిలో మన యింటికి దగినదానిని ఎట్లేరుకొనవలెనో, అవి కాపాడజాలనిదేదియో ఈ వ్యాసమున వివరింప దలచితిని.

శత్రువు నెఱుగుట

వైరసనగా ఇతర ప్రోగ్రాముల నంటుకొని తనవంటి ప్రతులను తానే పుట్టించుకొను చిన్న ప్రోగ్రాము. 1982లో అమెరికాదేశమున రిచ్ స్క్రెంటా యను పదునైదేండ్ల విద్యార్థి తోడివారిని ఆటపట్టించుటకై ఆపిల్ కంప్యూటరులకు సోకునట్టి దొకటి వ్రాసెను. అది ఫ్లాపీల వెంట వ్యాపించి యప్పుడప్పుడు తెరపై నొక చిన్న పద్యమును చూపెడిది. 1986లో లాహోరు నగరమున ఇరువురు సోదరులు వ్రాసిన ‘బ్రెయిన్’ అనునది ఐ.బి.ఎమ్. తరహా వ్యక్తిగత కంప్యూటరులకు సోకిన మొదటి వైరసు. దానిలో వారు తమ పేర్లను, అంగడి చిరునామాను గూడ వ్రాసికొనిరి. తన చిరునామా నిచ్చి కన్నము వేయు దొంగ నేడు కానరాడు. నేటి దుష్టప్రోగ్రాములలో చాల భాగము ధనము కొఱకే వ్రాయబడుచున్నవి.

వీనిలో గృహస్థులు ముఖ్యముగా నెఱుగదగిన తెగలు మూడు. మొదటిది స్పైవేరు, అనగా గూఢచారి. మనము మీటలపై నొక్కు అక్షరములను, చూచు పుటలను, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను పోగుచేసి యితరులకు పంపుట దీని పని. యంత్రము చెడిపోదు; తెరపై నేమియు కనబడదు; కావుననే నెలల తరబడి తెలియకుండ నుండవచ్చును. రెండవది ట్రోజన్, అనగా ఉపయోగకరమైన వస్తువు వేషమున లోనికి వచ్చునది. క్రొత్త సినిమాను ఉచితముగ చూపెదమనియు, ఖరీదైన ప్రోగ్రామునకు దొంగచెవి యిచ్చెదమనియు పిలుచు వానిలో పెక్కు లీ తెగవే. మూడవది రాన్సమ్‌వేరు. ఇది యింటిలోని ఫైళ్లన్నిటిని మనము చదువలేని రహస్యలిపిలోనికి మార్చివైచి, విడిపించుటకు ధన మడుగును.

భారతకథ విన్నవారికి వీని నడవడి క్రొత్త గాదు. పరీక్షిన్మహారాజు తక్షకుని భయమున ఒంటిస్తంభపు మేడలో, వైద్యులను మంత్రవేత్తలను చుట్టును నిలుపుకొని కూర్చుండెను. అంతటి కావలి యుండియు, తాపసవేషమున వచ్చిన నాగులు తెచ్చిన ఫలములను వలదనువారు లేకపోయిరి. ఆ ఫలములలో నొకదానియందలి చిన్న పురుగే తక్షకుడు. 2000వ సంవత్సరము మే నెలలో ఫిలిప్పీన్సు దేశమునుండి బయలుదేఱి ప్రపంచమంతయు చుట్టిన ‘ఐ లవ్ యూ’ అను దుష్టప్రోగ్రాము సరిగా నిట్లే వచ్చినది. ఎఱిగినవారి చిరునామానుండి, ప్రేమలేఖ యను పేర, ఈమెయిలు వెంట వచ్చెడిది. ఫైలు పేరునకు చివర నుండు అసలు తోకను విండోసు దాచియుంచుటచే అది మామూలు వ్రాతకాగితమువలె కనబడెను. తెఱచినంతనే చిరునామాల పుస్తకములోని వారికందఱికిని తన ప్రతులను పంపుకొనెను.

2017 మే 12వ తేదీన బయలుదేఱిన ‘వానాక్రై’ యను రాన్సమ్‌వేరు దాదాపు 150 దేశములలో 2,00,000కు పైబడిన కంప్యూటరులను పట్టినది. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశమున పోలీసు శాఖవారి కంప్యూటరులు కొన్ని దాని వాతబడెను. ఇందు గమనింపదగిన దొకటి కలదు. అది చొచ్చిన రంధ్రమును మూయు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ రెండు నెలలు ముందుగా, మార్చి నెలలోనే, విడుదల చేసియుండెను. ఆ సవరణను వేసికొన్న యంత్రములు నిలిచినవి. రేపు చూతము, మాపు చూతమని వాయిదా వేసినవి కూలినవి.

కావున కావలివానిని వెదకుటకు ముందు గోడను చూడవలెను. మన యంత్రములోని విండోసునకు సవరణలు ఇంకను వచ్చుచున్నవా? విండోసు 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. అట్టి యంత్రమున్నవారు విండోసు 11కు మారుటయో, అది మోయలేని పాత యంత్రమైనచో దానిపై బ్యాంకు పనులు మానుటయో చేయవలెను. కూలుచున్న గోడకు ఎంత జీతమిచ్చి కావలి పెట్టినను ఫలము స్వల్పము.

కావలివాడు చేయు పని

ఆంటీవైరసు ముఖ్యముగ రెండు విధముల పనిచేయును. పోలీసు ఠాణాలో పాత నేరస్థుల బొమ్మలు గోడకు అంటించినట్లు, ఇదివఱకు పట్టుబడిన దుష్టప్రోగ్రాముల గుర్తులను తనయొద్ద నుంచుకొని, వచ్చిన ప్రతి ఫైలును వానితో పోల్చి చూచుట మొదటి విధము. బొమ్మ లేని క్రొత్త దొంగను పట్టుటకు రెండవ విధము కావలెను. ఏదేని ప్రోగ్రాము ఒక్కసారిగా వందలకొలది ఫైళ్లను మార్చబూనినను, ఇతర ప్రోగ్రాముల లోనికి చొఱబడ జూచినను, దాని నడవడిని బట్టి యనుమానించి యాపును. పట్టుబడినదానిని వెంటనే చంపక, క్వారంటైను అను గదిలో వేసి తాళము పెట్టును. తప్పుగా పట్టిన మంచి ఫైలును మరల విడిపించుకొనుట కిది వీలు.

మొదటి విధమున క్రొత్త గుర్తులు ప్రతిదినము రావలెను. ఇంటర్నెట్టు లేక మూలబడియున్న యంత్రములోని ఆంటీవైరసు, ఆరునెలల నాటి పంచాంగము వంటిది. కంప్యూటరుతో తాత్కాలికముగ నుచితముగ వచ్చిన ఆంటీవైరసు గడువు తీఱినపిమ్మట గూడ దాని గుర్తు తెర మూలన వ్రేలాడుచునే యుండును. అది చూచి రక్షణ యున్నదని భ్రమపడువారు పెక్కుండ్రు. గడువు తీఱినదానికి ధనము కట్టి పొడిగింపవలెను. లేదా పూర్తిగ తీసివేయవలెను.

ఎన్నుకొను విధము

విండోసు యంత్రము కొన్న ప్రతివారికిని ఒక కావలివాడు ముందే కలడు. 2004లో మైక్రోసాఫ్టు సంస్థ ‘జెయింట్’ అను చిన్న సంస్థను కొని, దానివద్ద నున్న స్పైవేరు నివారణ సాధనమును పెంచి ‘డిఫెండర్’ అను పేర వెలయించెను. 2012లో వచ్చిన విండోసు 8 నుండి అది వైరసులను గూడ పట్టు పూర్ణరక్షకమై, యంత్రముతోడనే, వెల లేకుండ వచ్చుచున్నది. వేఱొక ఆంటీవైరసును ఎక్కించినచో అది ప్రక్కకు తొలగును. దానిని తీసివేసినచో తిరిగి మేల్కొనును. ఆపిల్ వారి మాక్ యంత్రములలో 2009 నుండి ‘ఎక్స్‌ప్రొటెక్ట్’ అను సాధనము లోపలనే యుండి పనిచేయుచున్నది.

ఇట్లుండగా ధన మిచ్చి మఱొకటి కొనవలెనా యని మీరు ప్రశ్నింపవచ్చును. ఒకరిద్దరు వాడుకొను యంత్రమై, సవరణలు సక్రమముగ వచ్చుచు, దొంగప్రోగ్రాముల జోలికి పోనియెడల డిఫెండరు చాలునని నా యభిప్రాయము. పిల్లలు చూడదగని పుటలను అడ్డగింపగోరువారును, నాలుగైదు యంత్రములను ఫోనులను ఒక్కచోటనుండి కనిపెట్టవలసినవారును, చిక్కు వచ్చినప్పుడు ఫోనులో సలహా చెప్పు మనిషి కావలయుననువారును కొనుట సమంజసము. మన దేశమునందే పూనాలో క్విక్ హీల్, చెన్నపట్టణమున కె7 అను సంస్థలు చిరకాలముగ నీ పని చేయుచున్నవి. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా యనునవి నాలుగు పేర్లైనను నేడు వాని యజమాని జెన్ డిజిటల్ అను సంస్థ యొక్కటే. నాలుగు డబ్బాలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చువా రిది యెఱిగియుండుట మంచిది.

అంగడివాని మాటకన్న పరీక్షకుల మాట మేలు. జర్మనీలోని మాగ్డెబర్గు నగరమున ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున ఏవీ-కంపారటివ్స్ అను రెండు సంస్థలు ఈ సాధనములను వరుసగ పరీక్షించి ఫలితములను ఎల్లరు చూచునట్లు ప్రకటించుచున్నవి. ఏవీ-టెస్ట్ వారు రక్షణకు 6, యంత్రపు వేగమును చెఱుపకుండుటకు 6, వాడుక సౌకర్యమునకు 6 చొప్పున మొత్తము 18 మార్కులకు కట్టుదురు. వాడుక సౌకర్యమన నిచట ముఖ్యముగ తప్పుడు కేకలు వేయకుండుట. ‘నాన్నా పులి’ కథలోని పిల్లవానివలె మాటిమాటికి నఱచు ఆంటీవైరసును ఇంటివారు కొన్నాళ్లకు లక్ష్యపెట్టరు. అసలు పులి వచ్చిననాడు దాని కేక విననివా రుండరు, నమ్మువారును ఉండరు. ఒక్క పరీక్షను గాక, ఏడాది పొడుగున వచ్చిన మార్కులను చూచి నిర్ణయింపుడు.

కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న లింకను కొన్ని కలవు. రెండవ యేటి వెల యెంత? మొదటి యేడు తక్కువకిచ్చి, కార్డు సంఖ్యను దాచుకొని, మఱుసటి యేడు చెప్పకయే హెచ్చు ధనమును లాగుకొను ఏర్పాటులు కలవు. అట్టిదానిని కొన్ననాడే నిలుపుకొనవలెను. ఎన్ని యంత్రములకు చెల్లును? మన పాత యంత్రముపై భారమగునా? కొనకముందు కొన్నాళ్లు ఉచితముగ వాడిచూచు అవకాశ మున్నదా? రాన్సమ్‌వేరునుండి కొన్ని ఫోల్డర్లను ప్రత్యేకముగ కాపాడునా? డిఫెండరులో నీ సౌకర్యము ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అను పేర ఉన్నది గాని, దానిని మనమే తెఱవవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న నమ్మకమునకు సంబంధించినది. ఆంటీవైరసు మన యింటి ప్రతి గదికిని చెవి గలిగిన సేవకుడు. మనము చదువునది, వ్రాయునది, వెదకునది యన్నియు దాని కన్నుల యెదుటనే జరుగును. పరీక్షిత్తు విషమును దింపగల కశ్యపుడు దారిలో తక్షకు డిచ్చిన ధనమును పుచ్చుకొని వెనుకకు మరలిన కథ ఇక్కడ స్మరణకు వచ్చును. అవాస్ట్ సంస్థ తన వాడుకరులు ఇంటర్నెట్టులో నేమేమి చూచిరో ఆ వివరములను ‘జంప్‌షాట్’ అను ఉపసంస్థద్వారా అమ్ముచుండెను. ఆ ఉపసంస్థ 2020లో మూతబడినది. ఈ విషయమై 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్ల చెల్లింపును విధించినది. ఆ 2024లోనే అమెరికా ప్రభుత్వము రష్యాకు చెందిన కాస్పర్‌స్కీ సాధనముల విక్రయమును దేశరక్షణ కారణముగ తమ దేశమున నిషేధించెను. ఆ యేటనే జూలై 19వ తేదీన, సంస్థలు వాడు క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షక సాధనమునకు వచ్చిన యొక తప్పు సవరణ దాదాపు 85 లక్షల విండోసు యంత్రములను నిలిపివైచెను. రక్షకునకు మన మిచ్చు నధికార మెంతటిదో దీనినిబట్టి తెలియును. కావున ఉచితముగ వచ్చినదైనను, వెలకు కొన్నదైనను, ఎక్కించునప్పుడు అడుగు అనుమతులను చదివి, ‘మీ వివరములను ఇతరులతో పంచుకొందుమా?’ అనుచోట కాదని గుర్తు పెట్టుడు.

ఒక ఒరలో రెండు కత్తు లిమడవు. ఎల్లవేళల కావలికాయు ఆంటీవైరసులను రెంటిని ఒకే యంత్రమున నుంచినచో, ఒకదాని నొకటి దొంగయని యనుమానించి, యంత్రమును మందగింపజేయును. ఒక్కటి చాలును. అనుమానము గలిగిననాడు మాత్రము వెదకి చూచుటకు, మాల్‌వేర్‌బైట్స్ ఉచిత ప్రతి వంటి సాధనమును అదనముగ నుంచుకొనవచ్చును. అది పిలిచినప్పుడే పనిచేయును గనుక తగవు రాదు. భారత ప్రభుత్వమువారు 2017 ఫిబ్రవరి 21న స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమునందు గూడ ఇట్టి శుద్ధిసాధనములు వెల లేకుండ లభించును.

కావలివాడు ఆపలేనివి

మా వీధిలో భర్తను గోల్పోయి కుటుంబపు పింఛనుతో నిల్లు గడుపుకొను నొక పెద్దావిడ కలరు. ఆమె కుమారుడు దూరదేశమున నుండి, తల్లి కంప్యూటరునకు వెలగల ఆంటీవైరసు నెక్కించి వెళ్లెను. ఒకనాటి మధ్యాహ్నము తెరయంతయు నెఱ్ఱబాఱి, చెవులు చిల్లులు పడునట్లు మ్రోగుచు, ‘మీ కంప్యూటరునకు వైరసు సోకినది, ఈ సంఖ్యకు వెంటనే ఫోను చేయుడు’ అను ప్రకటన కనబడెను. ఆమె చేసిరి. అవతలివాడు మిక్కిలి మర్యాదగ మాటలాడి, దూరమునుండి యంత్రమును నడుపు నొక ప్రోగ్రామును ఆమె చేతనే ఎక్కించి, సరిచేసినట్లు నటించి, రుసుము పేర బ్యాంకు పుటను తెఱపించెను. మూడు నెలల పింఛను పోయెను. ఆ వెలగల ఆంటీవైరసు కిక్కురుమనలేదు. ఏలన ఆ ప్రోగ్రాము దుష్టమైనది కాదు. కచేరీలలో నిత్యము వాడునదియే. తలుపు తెఱచినవారు ఇంటి యజమానురాలు గనుక కావలివాడు తొలగి నిలిచెను.

ఆమె నాలుగు దినములు ఎవరితోను చెప్పలేదు. కొడుకు కోపించునేమో, కోడలు నవ్వునేమో, ఇక కంప్యూటరు ముట్టనీయరేమో యని లోలోపల కుమిలినారు. ధనముకన్న నా నాలుగు దినములే పెద్ద నష్టము. ఇట్టి మోసము జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో, ధనము దొంగల చేతికి పూర్తిగ చేరకముందే మధ్యలో బ్యాంకులచే నిలుపుదల చేయించు అవకాశము కలదు. గంట గడచినకొలది ఆ యవకాశము సన్నగిల్లును. కావున ఇంటిలోని పెద్దలకు ముందుగనే చెప్పియుంచుడు: మోసపోయితి నని చెప్పినవారిని ఈ యింట నెవరు నేమియు ననరని. ఏ ఆంటీవైరసును ఇయ్యలేని రక్షణ ఈ యొక్క మాటలో నున్నది.

స్త్రీలమైన మనము ప్రత్యేకముగ నెఱుగవలసిన గూఢచారి యొకటి కలదు. భర్తయో, బంధువో, పూర్వపరిచితుడో ఫోనును గాని కంప్యూటరును గాని కొంతసేపు చేజిక్కించుకొని రహస్యముగ నెక్కించునది. దీనిని స్టాకర్‌వేరు అందురు. ఎచట నున్నదియు, ఎవరితో మాటలాడినదియు అవతలివానికి తెలియజేయుచుండును. చాలకాలము కొన్ని ఆంటీవైరసులు దీనిని దుష్టప్రోగ్రాముగ నెంచి హెచ్చరింపలేదు. 2019లో స్త్రీరక్షణ సంఘములును రక్షక సాధన సంస్థలు కొన్నియు కలిసి దీని కెదురుగ నొక కూటమిగ నేర్పడిన పిమ్మట స్థితి కొంత మెఱుగుపడినది. అట్టి యనుమానమున్న సోదరి తొందరపడి దానిని తీసివేయరాదు. తీసినంతనే పెట్టినవానికి తెలిసి హాని గలుగవచ్చును, సాక్ష్యమును పోవును. వేఱొకరి ఫోనునుండి 181 మహిళా సహాయ సంఖ్యకు గాని, నమ్మకమైన యాప్తులకు గాని చెప్పి, వారి యాలోచనతో నడుచుకొనుట క్షేమము.

సొరంగము ముందే త్రవ్వవలెను

లక్కయింటికి నిప్పంటుకొన్న రాత్రి పాండవులు బ్రదికి బయటపడుటకు కారణము, విదురుడు పంపిన ఖనకుడు అంతకు ముందే సొరంగము త్రవ్వియుంచుట. మనకు ఆ సొరంగము ఫైళ్ల నకలు. నెలకొకమాఱు ముఖ్యమైన ఛాయాచిత్రములను, కాగితములను వేఱొక హార్డుడిస్కునకు ఎక్కించి, ఆ డిస్కును యంత్రమునుండి ఊడదీసి బీరువాలో పెట్టవలెను. ఊడదీయుట మఱువరాదు, తగిలించియే యుంచినచో రాన్సమ్‌వేరు దానిని గూడ పట్టును. నకలున్న యింట రాన్సమ్‌వేరు ఒక దినపు చికాకు. లేని యింట అది చిన్ననాటి బిడ్డల బొమ్మలన్నిటిని ఒక్కమాఱుగ పోగొట్టుకొనుట.

మఱి రెండు పనులు. పిల్లలకు వేఱుగ నొక సామాన్యపు ఖాతాను ఏర్పఱచి, క్రొత్త ప్రోగ్రాముల నెక్కించు నధికారపు ఖాతాను మీ చేతిలో నుంచుకొనుడు. వారు తెలియక తెచ్చునది యంత్రమంతట వ్యాపింపకుండుట కిది యడ్డుకట్ట. వారమున కొకమాఱు ‘విండోస్ సెక్యూరిటీ’ పుటను తెఱచి, అన్నిటికెదురుగను పచ్చని గుర్తు ఉన్నదో లేదో చూడుడు. పట్టుమని రెండు నిమిషముల పని.

చివరకు, ఈ పత్రికను ప్రక్కన పెట్టిన వెంటనే చేయదగిన దొకటి చెప్పెదను. ఒక చిన్న అట్టముక్కపై పెద్ద యక్షరములతో నిట్లు వ్రాసి కంప్యూటరు తెరకు క్రిందుగ నంటింపుడు: ‘తెరపై కనబడు ఏ సంఖ్యకును ఫోను చేయరాదు. భయము కలిగినచో యంత్రము నార్పి ఇంటివారిని పిలువవలెను. ధనము పోయినచో 1930.’ వెల లేనిది, గడువు తీఱనిది, అత్తగారు మొదలు మనుమరాలి వఱకు అందఱును చదువగలిగినది.